ఉచితంగా దొరికే వంటకట్టె: ఎక్కడ తెచ్చుకోవాలి, ఎలా కొట్టాలి, ఎలా దాచుకోవాలి

చలికాలం ఫజర్ వేళకి ఇంట్లో వేడినీళ్లు కావాలి. వుజూకి కొన్ని, స్నానాలకి కొన్ని. ఐదుగురున్న ఇంట్లో ఐదు బకెట్లు అనుకుందాం. ఇవన్నీ గ్యాస్ మీద కాచి, వంట కూడా దాని మీదే చేస్తే బండ నెల తిరక్కుండానే అయిపోతుంది. అందుకే పల్లెల్లోనే కాదు, మండల కేంద్రాల్లో కూడా చాలామంది ఇళ్లలో ఇప్పటికీ వంటగదిలో గ్యాస్, పెరట్లో మూడు రాళ్ల పొయ్యి, రెండూ ఉంటాయి. ఆంధ్రప్రదేశ్‌లో 2024 చివర్లో మొదలైన దీపం-2 కింద ఏడాదికి మూడు సిలిండర్లు ఉచితంగా వస్తున్నా, తెలంగాణలో అర్హులకి 500 రూపాయలకే బండ ఇస్తున్నా, పెరట్లో పొయ్యి మాత్రం ఆరలేదు.

కట్టె ఉచితంగా దొరుకుతుంది, నిజమే. కానీ తెచ్చుకున్న తీరు సరిగా లేకపోతే అదే ఎక్కువ ఖర్చు అవుతుంది. మా ఖాలా కూతురి నికాకి ఇదే జరిగింది. వంట ఊళ్లోనే. డబ్బు కలిసొస్తుందని చెరువు దగ్గర చిల్ల చెట్లు నరికి, నాలుగు రోజుల ముందు తెచ్చి ఇంటి ముందు పోశారు. చూడ్డానికి పెద్ద కుప్పే. దేగుల కింద పెట్టాక మొదలైంది గోల. పొగే తప్ప మంట లేదు. కట్టె కొసల నుంచి నురగ కారుతోంది. బావర్చీ ఒక్కటే మాట అన్నాడు, "ఇవి కట్టెలు కావు భాయ్, నీళ్ల బిందెలు." దమ్ సరిగా పడక బిర్యానీ అడుగున మాడింది, పైన పలుకు మిగిలింది. చివరికి పట్నంలో అడితికి ఆటో పంపి ఎండుకట్టె కొనుక్కొచ్చారు. జుహర్ తర్వాత పెట్టాల్సిన భోజనం అసర్ దాకా సాగింది.

బావర్చీ అన్నది అక్షరాలా నిజం. అప్పుడే నరికిన చెట్టు బరువులో మూడో వంతు నుంచి సగం దాకా నీరే ఉంటుంది. ఆ నీరంతా ఆవిరి అయ్యాకే కట్టె అసలు వేడి ఇస్తుంది. అంటే మన మంటలో కొంత భాగం గిన్నెని కాకుండా కట్టెలోని నీళ్లని కాయడానికే పోతుంది. కిలో పచ్చికట్టె నుంచి వచ్చే వేడి, కిలో ఎండుకట్టె నుంచి వచ్చేదాంట్లో సగమే. పైగా మంట చల్లగా ఉంటే పొగ పెరుగుతుంది, గిన్నెకి మసి జిగురులా పడుతుంది.

ఎంత కట్టె కావాలి?

ముందు ఈ లెక్క వేసుకోవాలి. 14.2 కిలోల గ్యాస్ బండ చేసే పని మూడు రాళ్ల పొయ్యి మీద చేయాలంటే సుమారు 200 కిలోల ఎండుకట్టె కావాలి. గ్యాస్ పొయ్యి వేడిలో సగానికి పైగా గిన్నెకి చేరుతుంది. మూడు రాళ్ల పొయ్యిలో నూటికి 10, 15 పాళ్లే చేరుతుంది, మిగతాదంతా గాలికే. మూడు వైపులా మూసి, గిన్నె చుట్టూ సందు తక్కువ ఉండేలా మట్టితో కట్టిన పొయ్యి అయితే కట్టె బాగా కలిసొస్తుంది. కట్టె వెతుక్కునే ముందు పొయ్యి బాగుచేసుకోండి అని నేను చెప్పేది అందుకే.

ఒక బకెట్, అంటే 20 లీటర్ల నీళ్లు స్నానానికి సరిపడా వేడి కావాలంటే సుమారు కిలో ఎండుకట్టె పడుతుంది. రోజుకి ఐదు బకెట్లు, మూడు నెలల చలి. లెక్క వేస్తే 450 కిలోలు. వంకర కొమ్మలు కలిపి పేర్చితే ఇది అటూ ఇటుగా ఏడడుగుల పొడవు, మూడున్నర అడుగుల ఎత్తు, రెండడుగుల వెడల్పు వచ్చే వరస. తలమీద మోసే మోపు 20, 25 కిలోలు అనుకుంటే ఇరవై మోపులు. ఎవరు మోస్తారు? సాధారణంగా ఆడవాళ్లే. కాబట్టి ఇంట్లో మగవాళ్లు "ఉచితమే కదా" అనే ముందు ఈ ఇరవై మోపులూ లెక్కలోకి తీసుకోవాలి.

ఏ చెట్టు?

మన ప్రాంతంలో వంటకట్టె అంటే ముందు గుర్తొచ్చేది సర్కారు తుమ్మ. గుంటూరు, ప్రకాశం వైపు చిల్ల చెట్టు అంటారు, కొన్నిచోట్ల సీమతుమ్మ, ఇంకొన్నిచోట్ల ఉత్తి కంపచెట్టు. ఇది మన దేశపు చెట్టు కాదు. అమెరికా ఖండం వైపు నుంచి వచ్చింది. 1877లో జమైకా నుంచి తెప్పించిన విత్తనాలని కడప ప్రాంతంలో నాటారు. వంటచెరకు కరువు తీరుతుందని, బీడు భూములు పచ్చబడతాయని అప్పటి అటవీ అధికారుల ఆలోచన. వంటచెరకు దొరికింది గానీ చెట్టు మాత్రం ఆగలేదు. చెరువులు, వాగులు, పొలం గట్లు, ఖబరస్తాన్లు అన్నీ ఆక్రమించింది. గొర్రెలు, మేకలు కాయలు తిని విత్తనం ఊరంతా చల్లాయి. నరికితే మొదలు నుంచి నాలుగు కొమ్మలు వేస్తుంది. రైతుకి తలనొప్పి. కట్టె కావలసినవాళ్లకి మాత్రం ఇంతకంటే మంచిది దొరకదు. గట్టి కట్టె, నిలకడగా మండుతుంది, నిప్పు చాలాసేపు ఉంటుంది. అందుకే దీంతో బొగ్గు కూడా కాలుస్తారు.

నల్లతుమ్మ, చింత దీనికి సమానం, కొంత మేలు కూడా. దేగు కింద చింతమొద్దు పడితే బావర్చీ నోట మాట రాదు. సరుగుడు బాగా మండుతుంది, కానీ అది తోటల్లో పెంచే చెట్టు, ఉచితంగా దొరకడం తక్కువ. సుబాబుల్ మధ్యరకం, మామిడి పర్వాలేదు, వేప బాగానే మండుతుంది గానీ పొగ కాస్త ఎక్కువ, ఘాటు. మునగ కట్టె మోసుకురావడం దండగ, దూదిలా కాలిపోతుంది.

రాజుకోవడానికి కంది కట్టెని మించింది లేదు. పంట కోత అయ్యాక రైతుని అడిగితే చాలామంది కాదనరు. పత్తి కట్టె కూడా అడగ్గానే ఇస్తారు, ఎందుకంటే చాలామంది దాన్ని పొలంలోనే తగలబెట్టేస్తున్నారు. ఒక్క జాగ్రత్త. విచ్చుకోని కాయలున్న పత్తికట్టెని తెచ్చి ఇంటి దగ్గర కుప్ప వేస్తే అందులో గులాబీరంగు పురుగు దాక్కుని, వచ్చే పంటకి మళ్లీ పొలాలకి చేరుతుంది. కాబట్టి పత్తికట్టెని కాయలు దులిపి తెచ్చుకుని, వానాకాలం విత్తులు మొదలయ్యేలోపే కాల్చేయాలి. ఏడాది పొడుగునా దాచుకునే సరుకు కాదది. కొబ్బరి మట్టలు, తాటి మట్టలు, కొబ్బరి చిప్పలు కోనసీమ వైపు వాళ్లకి చెప్పక్కర్లేదు.

పొయ్యిలో పెట్టకూడనివి కొన్ని ఉన్నాయి. గన్నేరు విషం, దాని పొగ కూడా మంచిది కాదు. పెరట్లో కొట్టేసిన గన్నేరు కొమ్మలని కట్టెల్లో కలపొద్దు. రంగు వేసిన పాత తలుపులు, కిటికీలు, ప్లైవుడ్ ముక్కలు వంటకింద పెట్టొద్దు. ఇల్లు కూల్చినప్పుడు వచ్చే కర్ర చూడ్డానికి ఎండిపోయి భలేగా ఉంటుంది. రంగులేని దూలం ముక్కలు అయితే తెచ్చుకోండి, మేకులు పీకాక. రంగు ఉన్నది వదిలేయండి.

ఎవరి చెట్టు?

ఉచితం అంటే ఎవరిదీ కాదని అర్థం కాదు. ఇక్కడే చాలామంది ఇరుక్కుంటారు.

రిజర్వ్ ఫారెస్ట్‌లోకి గొడ్డలితో వెళ్లడం నేరుగా కేసు కొని తెచ్చుకోవడమే, 1967 అటవీ చట్టం వర్తిస్తుంది. కడప, తిరుపతి, నెల్లూరు కొండల వైపు వాళ్లకి ఇంకో మాట. ఎర్రచందనం విరిగిపడిన ముక్క అయినా సరే, ముట్టుకోవద్దు. "తెలియక తెచ్చాం సార్" అంటే వినేవాళ్లుండరు.

బయట కూడా 2002లో వచ్చిన వాల్టా చట్టం ప్రకారం, కొన్ని జాతులు మినహా, పట్టా భూమిలో చెట్టు కొట్టాలన్నా అనుమతి కావాలి. చెట్టుని కొట్టకుండా, ఎండి రాలిన కొమ్మలు, విరిగిన పుల్లలు ఏరుకుంటే ఈ తలనొప్పులు చాలావరకు తప్పుతాయి. రోడ్డు పక్క చెట్లు సర్కారువి. చెరువులో చిల్లచెట్లని పంచాయతీ చాలాచోట్ల వేలం వేస్తుంది. వేలం పాడినవాడు ఉండగా మనం మోపు కట్టుకుంటే గొడవే. కాబట్టి పంచాయతీ కార్యదర్శిని, లేదంటే సర్పంచిని ఒక మాట అడగండి. పొలం గట్టు మీద కంప అయితే రైతుని అడగండి. "తీసుకెళ్లండి, గట్టు శుభ్రమవుతుంది" అనే రైతులే ఎక్కువ. అయితే నరికి కంప అక్కడే వదిలేసి, మంచి కట్టె మాత్రమే ఎత్తుకుపోతే వచ్చే ఏడు పిలవరు. ముళ్లకంప ఒకచోట కుప్ప వేసి రావడం మర్యాద.

ఖబరస్తాన్ సంగతి వేరుగా చెప్పాలి. షబేబరాత్‌కి ముందు చాలా ఊళ్లలో ఖబరస్తాన్ శుభ్రం చేస్తారు, ట్రాక్టర్ల కొద్దీ కంప వస్తుంది. ఆ చెట్లు వక్ఫ్ ఆస్తి. "మనదే కదా" అని ఎవరికి వాళ్లు ఎత్తుకెళ్లకూడదు. ముతవల్లీనో, కమిటీనో అడిగి, వాళ్లు అమ్మితే కొనుక్కోవడం, పంచితే తీసుకోవడం పద్ధతి. నా అభిప్రాయం అడిగితే, శుభ్రం చేయడానికి వచ్చిన పేద కుటుంబాలకి ఆ కట్టె ఇవ్వాలని కమిటీ ముందే నిర్ణయించి చెప్పేస్తే అందరికీ మంచిది.

ఇంకో రెండు దారులున్నాయి. వానలకి ముందు కరెంటు వాళ్లు తీగల కింద కొమ్మలు కొడతారు. వాళ్లు వెళ్లిపోయాక రోడ్డు మీద పడి ఉన్నవి తీసుకోవచ్చు, అడిగి తీసుకుంటే ఇంకా మంచిది. తుఫాన్లప్పుడు చెట్లు పడతాయి. 2014 అక్టోబర్‌లో హుద్‌హుద్‌కి విశాఖలో పడిన చెట్లు చూసినవాళ్లకి తెలుసు, వీధి వీధంతా కట్టే. అయితే పడిన చెట్టు నిలబడ్డ చెట్టు కంటే ప్రమాదం. దాని కింద కరెంటు తీగ ఉండొచ్చు. లైన్ ఆపేశారని కరెంటు వాళ్లు చెప్పేదాకా దగ్గరికి పోవద్దు. వంగి బిగుసుకున్న కొమ్మని కొడితే విల్లులా లేచి ముఖానికి తగులుతుంది.

కొట్టడం

గొడ్డలి కామ ఊగుతుంటే ఆ రోజు పని మానేయండి. కామ బిగించుకుని రేపు వెళ్లండి. చిల్లచెట్టుకి గొడ్డలి కంటే ముందు కావలసింది పంగలకర్ర, వేటకొడవలి. పంగలకర్రతో కంపని పక్కకి నొక్కిపట్టి, కింద నుంచి చిన్న కొమ్మలు కొడవలితో తీసేసి, మొదలు కనపడ్డాక గొడ్డలి వేయాలి. నేరుగా చెట్టులోకి దూరితే చొక్కా, చర్మం రెండూ చిరుగుతాయి.

హవాయి చెప్పులతో వెళ్లకండి. ఎండిన తుమ్మముల్లు చెప్పునే కాదు, మోపెడ్ టైరుని కూడా దిగుతుంది. ముల్లు గుచ్చుకుని లోపల విరిగితే నిర్లక్ష్యం చేయొద్దు. తీసేసి సబ్బుతో కడిగి, ధనుర్వాతం ఇంజక్షన్ వేయించుకోవాలి. వేలి కీలు, మోకాలు దగ్గర గుచ్చుకుని వాపు వస్తే పసుపు పెట్టి కూర్చోకుండా డాక్టర్ దగ్గరికి వెళ్లాలి.

నరికిన రోజే మోసుకురావాలని తొందరపడకండి. చోటు సురక్షితం అనుకుంటే ఆకుతో సహా రెండు మూడు వారాలు అక్కడే పడేయండి. ఆకు ఎండి రాలిపోతుంది, ముళ్లు బయటికి కనపడతాయి, కట్టె బరువు తగ్గుతుంది. నీళ్లని తలమీద మోయడం ఎందుకు? అయితే లావు మొద్దులని మాత్రం పచ్చిగా ఉండగానే చీల్చాలి. తుమ్మ ఎండితే ఇనుమే, గొడ్డలి ఎగిరి పడుతుంది. చీల్చేటప్పుడు మొద్దుని రాయి మీద కాకుండా ఇంకో లావు మొద్దు మీద నిలబెట్టండి. కాళ్లు ఎడంగా పెట్టి, మధ్యలో కాకుండా మొద్దు అంచు వైపు కొడితే తేలిగ్గా చీలుతుంది. ముడి ఉన్న మొద్దుతో కుస్తీ పట్టొద్దు, దాన్ని దేగు కిందకి దాచండి. పిల్లలు పది అడుగుల దూరంలో ఉండాలి.

ఇంటి పొయ్యికి మూరెడు పొడవు, మణికట్టు మందం ఉన్న పేళ్లు చాలు. పొడవు ఎక్కువైతే పొయ్యి బయట వేలాడుతూ పొగ తెస్తాయి. దావత్ దేగులకి మాత్రం రెండు మూడు అడుగుల లావు కట్టె విడిగా పెట్టుకోవాలి. ముందు మంట, తర్వాత నిప్పు, దమ్ వేళ మూత మీద కూడా నిప్పులు. సన్న పేళ్లకి ఆ నిప్పు నిలవదు. 2010లో భౌగోళిక గుర్తింపు వచ్చిన హైదరాబాదీ హలీం కూడా గంటల తరబడి కట్టె మీదే ఉడికే వంటకం.

ఎండబెట్టడం, పేర్చడం

సంక్రాంతి తర్వాత నరికి, ఫిబ్రవరి నుంచి మే దాకా ఎండనిస్తే చాలు. రోహిణి ఎండకి రోళ్లు పగులుతాయంటారు, కట్టె పగలదా? జూన్ మొదటి వారం, మృగశిర వచ్చేలోపు కప్పు కిందకి చేర్చాలి. శ్రావణంలో నరికిన కట్టెతో చలికాలం గడపాలనుకుంటే పొగ తప్పదు.

ఎండిందో లేదో ఎలా తెలుస్తుంది? కొసల్లో చక్రంలో ఆకుల్లా పగుళ్లు వస్తాయి, బెరడు ఊడుతుంది. రెండు పేళ్లని ఒకదానితో ఒకటి కొడితే ఖణేల్‌మంటాయి. పచ్చివి అయితే దబ్‌మంటాయి. ఇంకా నమ్మకం కావాలంటే ఒక పేడుకి గుర్తు పెట్టి, వారానికొకసారి తూచండి. బరువు తగ్గడం ఆగిన రోజు ఎండినట్టు.

పేర్చేటప్పుడు జరిగే తప్పులు రెండు. నేల మీద నేరుగా వేయడం, పట్టాతో పూర్తిగా కప్పేయడం. నేల మీద వేస్తే అడుగు వరస చెదలకి పోతుంది. ఇటుకలో, రాళ్లో పెట్టి వాటి మీద రెండు పొడవాటి కర్రలు వేసి, వాటి మీద పేర్చండి. జానెడు ఎత్తు చాలు. ఇంటి గోడకి ఆనించొద్దు, మధ్యలో మనిషి చెయ్యి పట్టేంత సందు ఉండాలి. చెదలు గోడెక్కితే కట్టె పోవడమే కాదు, తలుపులూ పోతాయి. పైన రేకో, పట్టానో వేయండి, పక్కలు తెరిచి ఉంచండి. పక్కలు మూస్తే లోపల చెమ్మ పట్టి బూజు వస్తుంది. కొత్తగా తెచ్చింది ఒక వైపు, పాతది ఒక వైపు పెట్టి పాతదే ముందు వాడాలి. గ్యాస్ బండ ఉన్న చోటికి, పొయ్యికి కట్టెల వరస దూరంగా ఉండాలి.

ఇక పాములు, తేళ్లు. కట్టెల కుప్ప వాటికి చల్లటి ఇల్లు. ఎలుకలు చేరితే వాటి వెనకే పాము వస్తుంది. అందుకే వడ్లు, తవుడు, కోళ్ల దాణా కట్టెల పక్కన పెట్టొద్దు. ఫజర్‌కి ముందు చీకట్లో చెయ్యి పెట్టి కట్టె లాగే అలవాటు మానాలి. రాత్రే ఆ రోజుకి కావలసినవి తీసి పొయ్యి దగ్గర పెట్టుకోండి. అలా కుదరకపోతే లైటు వేసి, ముందు కర్రతో తట్టి, కర్రతోనే లాగండి. కట్లపాము కరిచినా నొప్పి పెద్దగా తెలియకపోవచ్చు, అదే దాని ప్రమాదం. పాము కరిచిందన్న అనుమానం ఉన్నా సరే, తాడు బిగించడం, కోయడం, నాటువైద్యం ఇవేమీ వద్దు. కదలకుండా పడుకోబెట్టి 108కి ఫోన్ చేసి, విషానికి మందు ఉన్న ఆస్పత్రికి తీసుకెళ్లాలి.

పొగ

అమ్మీ దగ్గుని మనం "ఎప్పుడూ ఉండేదే" అనుకుని వదిలేస్తాం. ఇళ్లలో వంట పొగ వల్ల ప్రపంచంలో 2020లో 32 లక్షల మంది చనిపోయారని ప్రపంచ ఆరోగ్య సంస్థ లెక్క. ఊపిరితిత్తుల జబ్బులు, గుండెజబ్బులు, పసిపిల్లల్లో నిమోనియా, కంట్లో శుక్లాలు, వీటన్నిటి వెనకా ఈ పొగ ఉంది. కాబట్టి నా మాట సూటిగా చెబుతాను. రోజూ చేసే వంట గ్యాస్ మీదే చేయండి, ముఖ్యంగా గర్భిణులు, పసిపిల్లలు ఉన్న ఇంట్లో. కట్టెపొయ్యి వేడినీళ్లకి, దావత్‌లకి, గ్యాస్ అయిపోయిన రోజుకి. అది ఆరుబయటే ఉండాలి, వంటగదిలో కాదు. ఎండుకట్టె సన్నగా చీల్చి కొద్దికొద్దిగా పెట్టండి, ఊదుగొట్టంతో ఊదే అవసరమే తగ్గుతుంది. పిల్లని చంకనేసుకుని పొయ్యి ముందు కూర్చోవద్దు.

చలికి గదిలో నిప్పుల కుంపటి పెట్టుకుని తలుపులు మూసి పడుకోవడం అస్సలు చేయకూడదు. నిప్పుల నుంచి వచ్చే కార్బన్ మోనాక్సైడ్‌కి వాసన లేదు, రంగు లేదు. నిద్రలోనే ప్రాణం పోతుంది. బాలింత గదిలో కుంపటి పెట్టే ఆచారం కొన్ని ఇళ్లలో ఇంకా ఉంది. నానీమాలు ఊరుకోరు, తెలుసు. వాళ్లకి నచ్చజెప్పి కుంపటిని గడప బయటే ఆపండి. గది వెచ్చగా ఉండాలంటే వేడినీళ్ల సీసాని గుడ్డలో చుట్టి పెట్టండి, పసిబిడ్డ ఒంటికి మాత్రం తగలనివ్వొద్దు.

పొయ్యి ఆరాక బూడిద తీసేటప్పుడు జాగ్రత్త. పైన చల్లగా కనపడినా లోపల నిప్పు మర్నాటి దాకా ఉంటుంది. ప్లాస్టిక్ బకెట్లోనో, చెత్తకుప్పలోనో పోస్తే అంటుకుంటుంది. మూత ఉన్న రేకుడబ్బాలో పోసి, కట్టెల వరసకి దూరంగా రెండు రోజులు ఉంచి, తర్వాత మొక్కల మొదట్లో కొద్దికొద్దిగా వేసుకోండి. గిన్నెలు తోమడానికి కూడా పనికొస్తుంది, జల్లెడ పట్టుకుంటే గీతలు పడవు.